సైటుకి నలుగురు

ముప్పై అడుగుల బండిని వెనక్కి నడిపి గీతల మధ్య పెట్టడం సుందర్ రాజ్‌కి కొత్తేమీ కాదు. వెనక నిలబడి దారి చెప్పే జ్ఞానమ్మతో వేగడం మాత్రం పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా ఆయనకి కొత్తగానే ఉంటుంది. "రానీండి... రానీండి... ఇంకా రానీండి..." అని జోల పాడినట్టు చెప్పుకుంటూ వచ్చి, తీరా చక్రం రాయెక్కాక "అయ్యో, ఆగండి!" అనడం ఆవిడ పద్ధతి. జనవరి మొదటి వారంలో, అమెరికాలో పామ్ స్ప్రింగ్స్ దాటి ఎడారిలో ఇంకా చాలా దూరం వెళ్తే వచ్చే, ఇళ్ళలాంటి బండ్లు నిలుపుకునే ఆ ఆర్వీ పార్కులో కూడా అచ్చం అదే జరిగింది.

"ఆ రాయి సంగతి కాస్త ముందే చెప్పొచ్చుగా, జ్ఞానం?"

"నేను మిమ్మల్ని చూస్తున్నానండీ. రాయిని ఎవరు చూశారు?"

సైట్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న నెరిసిన తలలన్నీ ఈ తమాషాని తృప్తిగా చూశాయి. కొత్తవాళ్ళు బండి పెట్టుకోవడానికి పడే పాట్లు చూడటాన్ని మించిన కాలక్షేపం ఇలాంటి పార్కుల్లో ఇంకోటి లేదు. పక్క సైటు ముసలాయన మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, వంగి చూసి, బండి మెట్టు తన సైటు వైపు జానెడు జరిగిందని చెప్పి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పేరు వాల్టర్ అనీ, మిన్నెసోటా మంచుకి జడిసి ఏటా ఇక్కడికి వచ్చేస్తాడనీ తర్వాత తెలిసింది. సుందర్ రాజ్ వెంటనే ఇంజను మళ్ళీ స్టార్ట్ చేశాడు. లోలోపల ఆయనకి వాల్టర్ నచ్చాడు కూడా. గీత అంటే గీతే అని నమ్మే మనిషి తను కాక ఇంకొకడు భూమ్మీద ఉన్నాడన్నమాట.

సుందర్ రాజ్ బతుకంతా రూళ్ళ మీదే నడిచింది. నరసాపురం నుంచి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్ళి, అక్కడి రైల్వేలో సిగ్నళ్ళు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. జ్ఞానమ్మ అదే ఊళ్ళో ఆసుపత్రి నర్సు. ఇద్దరూ ఇంటిపట్టున కూర్చునే రోజులొచ్చాక ఓ మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న ఇల్లే అది, కాకపోతే చక్రాల మీద ఉంటుంది. అక్టోబరు వచ్చిందంటే ఇంటికి తాళం వేసి, బండిని ఓడెక్కించి, స్పెయిన్ దక్షిణ తీరంలో దిగి, మళ్ళీ ఏప్రిల్‌కి గానీ లెస్టర్ మొహం చూసేవాళ్ళు కాదు.

ఇదేదో షోకు అనుకునేరు. జ్ఞానమ్మకి కీళ్ళవాతం. చలి ముదిరితే వేళ్ళు బిగుసుకుపోతాయి. వేలమందికి నొప్పి తెలియకుండా సూది వేసిన ఆ చేతులు, తన స్వెటరు గుండీ తను పెట్టుకోలేవు. లెస్టర్‌లో గడిపిన చలికాలాల్లో ప్రతి ఉదయం సుందర్ రాజ్ ఆవిడ ఎదురుగా నిలబడి కింది నుంచి పైదాకా ఒక్కో గుండీ పెట్టేవాడు. అంతసేపూ ఆవిడ ఆయన్ని కాకుండా కిటికీ బయట వానని చూసేది. గుండీలు పెట్టడం ఆయనకి కష్టం కాదు. ఆ చూపు మాత్రం ఆయన భరించలేకపోయేవాడు. స్పెయిన్ ఎండలో ఆ చూపు కనపడేది కాదు.

అంతలో బ్రెగ్జిట్ వచ్చిపడింది. బ్రిటిషు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇకమీదట యూరప్‌లో ఏ ఆరునెలలు తీసుకున్నా తొంభై రోజులకి మించి ఉండకూడదన్నారు. అంటే సగం చలికాలానికే గడువు తీరిపోతుంది. పోయినేడు సరిగ్గా చలి ముదిరే వేళకి స్పెయిన్ ఎండని వదిలిపెట్టి లెస్టర్‌కి తిరిగొచ్చారు. ఫిబ్రవరి కల్లా జ్ఞానమ్మ చెంచా కూడా పట్టుకోలేకపోయింది.

ఈ గడువు పెట్టినందుకు సుందర్ రాజ్ పొద్దున్నే టీ తాగుతూ రెండు వైపుల ప్రభుత్వాలనీ తిట్టేవాడు. జ్ఞానమ్మ అంతా ఓపిగ్గా విని, కప్పుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఒకే ఒక మాట అడిగేది.

"ఇంతకీ ఓటు ఎటు వేశారండీ?"

ఆయన విడిపోవాలనే వేశాడు. ఆ ఏడు ఏదో పేపరు చదివి ఆవేశపడ్డాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, లెస్టర్ తెలుగు చర్చి మొత్తానికి తెలుసు. అయినా ఆవిడ అడగడం మానలేదు, ఆయన ఆ ప్రశ్న వినపడగానే చెవి మిషను సర్దుకోవడం మానలేదు.

అమెరికా మాట ఎత్తింది పర్సిస్. జ్ఞానమ్మ చెల్లెలి కూతురు, మొగుడు షాలేం రాజుతో ఫ్రీమాంట్‌లో ఉంటుంది, ఇద్దరివీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు. "పెదనాన్నా, క్రిస్మస్ దాకా స్పెయిన్‌లో ఉండండి. మిగతా వింటర్ ఇక్కడ స్పెండ్ చెయ్యండి. డెజర్ట్‌లో ఎండే ఎండ. పెద్దమ్మకి బాగుంటుంది. ఆర్వీ మేం రెంట్ చేసి ఉంచుతాం" అంది. బ్రిటిషు పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే చాలు. ఎన్నాళ్ళు ఉండనిస్తారా అని సుందర్ రాజ్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఇక్కడా తొంభై రోజులే! ఆ అంకె తనమీద పగబట్టి సముద్రాలు దాటి వెంటపడుతోందని ఆయన నమ్మకం.

పార్కు మేనేజరు మార్లీన్. పొడుగ్గా, ఎండకి వాడిన మొహంతో, పెద్ద టోపీ పెట్టుకుని గోల్ఫ్ కార్టులో పొద్దస్తమానం తిరుగుతూ ఉంటుంది. మొదటిరోజే కార్టు దిగకుండా రూల్సన్నీ వినిపించింది. రాత్రి పదింటికి చప్పుడు ఆగిపోవాలి. కుక్కకి తాడు ఉండాలి. సైటుకి అతిథులు నలుగురు, ఐదో మనిషి వస్తే గేటు బయటే. సుందర్ రాజ్‌కి ఆమె కూడా నచ్చింది.

"వచ్చే శీతాకాలానికి కూడా ఈ సైటే కావాలంటే?" అని అడిగాడు.

"మార్చిలో చెబుతాను. కాచుకుని ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈలోగా ఒక్క రూల్ తప్పినా మీరు వేరే ఎడారి వెతుక్కోవాలి."

ఆ రోజు నుంచీ సుందర్ రాజ్‌కి ఒకటే ధ్యాస. మార్చిలో మార్లీన్ నోట సరే అనిపించాలి. ఎందుకంటే చుట్టుపక్కల ఇంకే పార్కులోనూ చోటు లేదని పర్సిస్ ఫోన్లు చేసి చేసి తేల్చింది. ఈ సైటు పోతే వచ్చే జనవరికి మళ్ళీ లెస్టర్, మళ్ళీ ఆ కిటికీ, మళ్ళీ ఆ చూపు.

ఎండ తన పని తను చేసుకుపోయింది. జ్ఞానమ్మ ముందు టీ కప్పుని ఒక చేత్తో పట్టుకుంది. కొన్నాళ్ళకి కొత్తిమీర తుంచింది. స్వెటరు, కోటు పెట్టె అడుగుకి వెళ్ళిపోయాయి, శాలువా ఒక్కటే సరిపోయింది. కానీ బండి మాత్రం పేచీ పెట్టడం మొదలెట్టింది. ఒకరోజు నీళ్ళ పంపు మొరాయించింది. ఇంకోరోజు మెట్టు ముడుచుకోనంది. గ్యాస్ అలారం ఏ గ్యాసూ లేకుండానే కూసింది.

"ప్రార్థన చెయ్యకుండా కదిలించాం. అలా కాక ఇంకెలా ఉంటుంది?" అంది జ్ఞానమ్మ.

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో కొత్త ఇల్లే కానీ, స్కూటరే కానీ, ఆఖరికి కుట్టుమిషనే కానీ, పాస్టరుగారు చెయ్యి వేసి ప్రార్థన చేస్తే గానీ పనిలోకి దిగదు. ఫ్రీమాంట్‌లో బండి చేతికొచ్చిన రోజున అక్కడి తెలుగు చర్చి పాస్టరుగారికి జ్వరం. అలా అది ప్రార్థన లేకుండానే రోడ్డెక్కింది.

"అద్దె బండికి ప్రార్థనేంటి, జ్ఞానం?"

"అద్దెదైతే గోతిలో పడదాండీ?"

ఆదివారాలు ఆ చర్చి ఆరాధనని వాళ్ళు జూమ్‌లో చూస్తారు. ఆ వారం ఆరాధన అయ్యాక జ్ఞానమ్మ సంగతి చెప్పగానే పాస్టరుగారు ఒప్పేసుకున్నారు. ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి ఆయన, వాళ్ళావిడ, పర్సిస్, షాలేం రాజు వస్తారు. సుందర్ రాజ్ మనసులో లెక్కేశాడు. నలుగురు. రూల్ ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

"సుందర్ రాజ్ గారూ, సంఘంతో రెండు మాటలు చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

ఆ రెండు మాటలే కొంప ముంచాయి. తెర నిండా మొహాలు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. సుందర్ రాజ్ గొంతు సవరించుకుని, వాళ్ళ నాన్న, తాత ఇలాంటి వేళ ఏం చెప్పేవాళ్ళో అదే చెప్పాడు. "మా బండి ప్రార్థనకి మీరందరూ సకుటుంబంగా రావాలండి. తప్పకుండా రావాలి. భోజనాలు మా దగ్గరే."

అది పిలుపు కాదు, మర్యాద. నిండు సభలో నలుగురినే పిలిచి మిగతావాళ్ళ మొహం మీద తలుపేసే విద్య నరసాపురంలో ఎవరూ నేర్పలేదు. పైగా ఫ్రీమాంట్ నుంచి ఎనిమిది గంటల డ్రైవు. ఎవరొస్తారు? మైకు ఆపాక జ్ఞానమ్మ ఆయన వైపు తిరిగింది.

"భోజనాలు అనకుండా ఉండాల్సిందండీ."

"ఊరికే అన్నానే. ఎవరూ రారు."

ఆయనకి తెలియనిది ఒకటుంది. ఆ చర్చిలో సగంమంది హెచ్‌వన్‌బి వీసాల మీద ఉన్నవాళ్ళు. దేశం దాటితే మళ్ళీ లోపలికి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఎప్పుడవుతుందో తెలియక, ఏళ్ళ తరబడి ఎటూ కదలని వాళ్ళు. లాంగ్ వీకెండ్ వస్తే ఎటు పోదామా అని ఎదురుచూసే ఆ జనం ముందు ఈయన ఎడారి, ప్రార్థన, భోజనం మూడూ కలిపి వడ్డించాడు.

ప్రార్థనకి ముందురోజు జ్ఞానమ్మ గులాబీ పువ్వులు చేసింది. లెస్టర్ నుంచి పెట్టెలో ఇనప అచ్చు తెచ్చుకుంది, చేతులు సహకరించవని తెలిసీ. బండి లోపల నూనె పెట్టగానే అలారం గగ్గోలు పెట్టింది. దాంతో పొయ్యి బయటికి వచ్చింది. కాగిన అచ్చుని మైదా, గుడ్డు, కొబ్బరిపాల పిండిలో ముంచి, నూనెలో దించి, మణికట్టు కాస్త విదిలిస్తేనే పువ్వు అచ్చుని వదులుతుంది. విదల్చలేకపోతే అక్కడే మాడిపోతుంది. మూడేళ్ళుగా క్రిస్మస్‌కి ఆ ఇంట్లో పువ్వులు లేవు. సుందర్ రాజ్ ఊపిరి బిగబట్టి చూశాడు. జ్ఞానమ్మ మణికట్టు తిరిగింది. పువ్వు నూనెలోకి జారి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"వదిలిందండీ!" అంది జ్ఞానమ్మ, చిన్నపిల్లలా.

సుందర్ రాజ్‌కి ఎంత సంతోషం వేసిందంటే, పక్క సైటుకి పళ్ళెం పట్టుకెళ్ళమని ఆవిడ అంటే గొణక్కుండా వెళ్ళాడు. వాల్టర్ ఒక పువ్వు తీసుకున్నాడు. తినకుండా తిప్పి తిప్పి చూశాడు.

"దీన్ని మీరేమంటారో గానీ మేం రోజెట్ అంటాం. మా తాతలు నార్వే నుంచి వస్తూ అచ్చు తెచ్చుకున్నారు. మా ఎలెన్ ప్రతి క్రిస్మస్‌కీ చేసేది." ఆయన చిన్న ముక్క కొరికాడు. "ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ అచ్చు ఎక్కడుందో కూడా తెలీదు నాకు."

సుందర్ రాజ్ పళ్ళెం అక్కడే వదిలేసి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ముందు పర్సిస్ ఫోన్ చేసింది. "పెదనాన్నా, గేట్ దగ్గర ఉన్నాం. కోపం తెచ్చుకోకు. కొంచెం ఎక్కువమందే వచ్చాం."

"ఎంతమందే?"

"చర్చి."

సుందర్ రాజ్ ముందే చెప్పి ఉంచిన కోడ్ నొక్కి షాలేం రాజు గేటు తెరిచాడు. వెనకున్న కార్లు ఆ గేటుని మళ్ళీ మూసుకోనివ్వకుండా ఒకదాని తోక పట్టుకుని ఒకటి లోపలికి వచ్చేశాయి. పెద్ద పెద్ద వ్యాన్లలోంచి యాభై మందికి పైగా దిగారు. పట్టుచీరలు, ఎండ టోపీలు, కూలర్ బాక్సులు, అల్యూమినియం ట్రేల నిండా బిర్యానీ, గోంగూర చికెన్, పెరుగు పచ్చడి. "అంకుల్, మీరంత ప్రేమగా పిలిచాక రాకుండా ఎలా ఉంటాం?" అంటూ మనిషి మనిషీ చెయ్యి కలిపి వెళ్తుంటే సుందర్ రాజ్ నవ్వాడు. ఆ నవ్వు నవ్వడానికి ఆయన దవడ ఎంత కష్టపడిందో ఆయనకే తెలుసు. అదృష్టం కొద్దీ మార్లీన్ సామాన్లకి టౌన్‌కి వెళ్ళింది.

"పాస్టరుగారూ, ప్రార్థన కాస్త క్లుప్తంగా..." అని చెవిలో బతిమాలాడు.

"ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకొచ్చామండీ. క్లుప్తంగా చేస్తే ఏం బాగుంటుంది?" అన్నారు పాస్టరుగారు.

ముందు ఒక పాట. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత పాస్టరుగారు బండి మీద చెయ్యి వేశారు. యాభై మందీ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. దేవుడు ఈ బండి ఇంజనుని కాయాలన్నారు. బ్రేకుల్ని కాయాలన్నారు. నాలుగు దిక్కులా ఉన్న టైర్లనీ, స్టెప్నీనీ, నీళ్ళ పంపునీ పేరుపేరునా అప్పగించారు. కళ్ళు మూసుకోలేక ఒక కన్ను తెరిచింది సుందర్ రాజ్ ఒక్కడే. ఆ కంటికి దూరంగా దుమ్ము రేపుకుంటూ వస్తున్న గోల్ఫ్ కార్టు కనపడింది.

అప్పటిదాకా ఈ ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని చూసిన మనిషి, ఇది ఎప్పటికీ ముగియకూడదని మనస్ఫూర్తిగా ప్రార్థించాడు. మార్లీన్ వచ్చింది. నోరు తెరవబోయి, అన్ని వంచిన తలల్ని చూసి, ఆగిపోయింది. కార్టు ఆపి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పాస్టరుగారు మెట్టు దగ్గరికి వచ్చారు, గ్యాస్ అలారం దగ్గరికి వచ్చారు, ఇక బండిలో మిగిలిన భాగాలేవీ లేవు. ఆమేన్ అన్నారు. యాభై గొంతులతో పాటు మార్లీన్ కూడా ఆమేన్ అంది. వెంటనే టోపీ పెట్టుకుంది.

"మిస్టర్ రాజ్, సైటుకి ఎంతమంది?"

"నలుగురు."

"మరి వీళ్ళు?"

అబద్ధం ఆడొచ్చు, వీళ్ళు పిలవకుండానే వచ్చారని చెప్పొచ్చు. ఆ పని ఆయన వల్ల కాలేదు. "తప్పు నాదే. నేనే పిలిచాను. నిజంగా వస్తారనుకోలేదు."

"రారనుకుంటే పిలవడం ఎందుకు?"

ఇంగ్లండులో నలభై ఏళ్ళు బతికినా దీనికి ఇంగ్లీషులో సమాధానం ఎలా చెప్పాలో ఆయన నేర్చుకోలేదు. మార్లీన్ తల అడ్డంగా ఊపింది. "నలుగురు ఉండొచ్చు. మిగతావాళ్ళు వెంటనే గేటు బయటికి వెళ్ళాలి. రూల్ మీకోసం ఒకటి, ఇంకొకరి కోసం ఒకటి ఉండదు. సారీ. మీ సైటు సంగతి ఇక మర్చిపోండి."

ఎవరూ గొడవ చెయ్యలేదు. ఆడవాళ్ళు ట్రేల మీద మూతలు పెట్టారు. షాలేం రాజు కూలర్ ఎత్తుకుని, దించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. జ్ఞానమ్మ గులాబీ పువ్వుల డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ ఎవరినీ చూడలేదు, కొండల వైపు చూసింది. సుందర్ రాజ్ గుర్తుపట్టాడు. లెస్టర్ కిటికీ చూపు అది. ఎడారి ఎండలో, ఆయన నోటి దూల వల్ల, తిరిగొచ్చింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

పక్క సైటులో కుర్చీ కిర్రుమంది. వాల్టర్ లేచి సరిగ్గా తన గీత దాకా వచ్చి ఆగాడు.

"మార్లీన్, నా సైటుకి కూడా నలుగురేనా?"

"అందరికీ అంతే, వాల్టర్. తెలుసుగా నీకు."

"పోయినేడు నా సైటుకి ఎవరూ రాలేదు. ఈ ఏడూ రాలేదు." ఆయన వేలు చాచి, కూలర్ మీద కూర్చున్న ఒక జంటనీ వాళ్ళ ఇద్దరు పిల్లల్నీ చూపించాడు. జన్మలో ఎప్పుడూ చూసి ఉండడు వాళ్ళని. "ఆ నలుగురూ నా అతిథులు."

మార్లీన్ రూల్‌ని అటు నుంచి ఇటు తిప్పి చూసుకున్నట్టుంది. ఎటు చూసినా వాల్టర్ దాన్ని తప్పలేదు.

ఎదుటి సైటు నుంచి ఒకావిడ చెయ్యెత్తింది. "మాకూ ఎవరూ లేరు. నలుగురిని ఇటు పంపండి." ఇంకో రెండు బండ్ల అవతల నుంచి ఒక ముసలాయన, "మాకు పిల్లలున్నవాళ్ళు కావాలి" అన్నాడు, హోటల్లో ఆర్డరు చెప్పినట్టు. ఇంకో చెయ్యి లేచింది, ఇంకోటి. మార్లీన్ పంచుతూ పోయింది. సుందర్ రాజ్‌లోని రైల్వే మనిషి నిద్రలేచి, పరిగెత్తుకెళ్ళి, ఏ సైటుకీ ఐదో తల చేరకుండా దగ్గరుండి చూసుకున్నాడు. చివరికి నిశాంత్ అనే కుర్రాడు, వాళ్ళావిడ, చంకలో పసిపిల్ల మిగిలారు. ఇక ఖాళీ సైటు లేదు.

"పసిపిల్ల లెక్కలోకి వస్తుందా, మామ్?" అన్నాడు నిశాంత్.

"తల ఉంటే మనిషే" అంది మార్లీన్ కటువుగా. కాసేపు పాపని చూసింది. "నా ఆఫీసు కూడా సైటే. ఒకటో నంబరు. ముగ్గురూ నాతో రండి. కార్లు మాత్రం వెనక ఖాళీ స్థలంలోకి తియ్యాలి, ఇప్పుడే."

అంతా అయ్యాక వాల్టర్ పాస్టరుగారి దగ్గరికి వచ్చాడు. "ఇందాక చేసిన పని నా బండికీ చేస్తారా? జనరేటర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండాలి. అది రెండేళ్ళుగా మాట వినడం లేదు."

అడిగిందే తడవు పాస్టరుగారు చెయ్యి వేశారు. తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా వాల్టర్ చివరిదాకా కళ్ళు తెరవలేదు. అది చూసి ఎదుటి సైటావిడ వచ్చింది, ఆవిడ వెనక ఇంకొకరు. పాపని ఒళ్ళో పెట్టుకున్న మార్లీన్ ఆఖర్న, తన గోల్ఫ్ కార్టు పొద్దున్నపూట స్టార్ట్ అవ్వదని, ఎవరికో చెబుతున్నట్టు అంది. సాయంత్రానికి పాస్టరుగారి గొంతు పోయింది.

భోజనాలు ఇంటింటికీ, అంటే బండి బండికీ తిరిగాయి. సైట్ల మధ్య గోంగూర చికెన్ పట్టుకుని తిరుగుతూ షాలేం రాజు సుందర్ రాజ్ పక్కన ఆగాడు. "మావయ్యగారూ, మీరు తొంభై రోజులే అని ఫీలవుతారు గానీ, నేను కంట్రీ దాటి ఆరేళ్ళు. బయటికెళ్తే స్టాంపింగ్ డేట్ ఎప్పుడొస్తుందో గ్యారంటీ లేదు. మీ బండి చూస్తే కుళ్ళొస్తోంది నాకు." అంటూ నవ్వాడు. సుందర్ రాజ్ ఆ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన నోట తొంభై మీద తిట్టు వినలేదు, కనీసం అమెరికాలో వినలేదు.

మార్చి చివర, బయల్దేరే రోజు పొద్దున మార్లీన్ కార్టు వచ్చి ఆగింది. కార్టు ఇప్పుడు పొద్దున్నపూట స్టార్ట్ అవుతోంది. అది ప్రార్థన వల్లా, షాలేం రాజు మార్చిన బ్యాటరీ వల్లా అన్నది ఎవరూ అడగలేదు.

"వచ్చే జనవరికి ఈ సైటు మీదే. ఒక్క షరతు. మీ వాళ్ళని మళ్ళీ పిలిచేటట్టయితే ముందు నాకు చెప్పండి. ఎవరికి ఏ నలుగురో నేను పంచుతాను. పాప మాత్రం నాకు."

జ్ఞానమ్మ గులాబీ పువ్వుల అచ్చుని గుడ్డలో చుట్టి వాల్టర్‌కి ఇచ్చింది. వచ్చే ఏడాది దాకా దాచమంది. ఆయన రెండు చేతులా పుచ్చుకున్నాడు.

లండన్‌లో విమానం దిగి బయటికి రాగానే చలిగాలి మొహాన కొట్టింది. వాన కూడా ఉంది. సుందర్ రాజ్ పెట్టె తెరిచి, అడుగున ఉన్న కోటు తీసి జ్ఞానమ్మకి తొడిగాడు. అలవాటు కొద్దీ ఎదురుగా నిలబడి, కింది గుండీ కోసం వంగాడు.

"ఉండండి" అంది ఆవిడ.

తనే మొదటి గుండీ పెట్టింది. తర్వాత రెండోది. తొందరేం పడలేదు. వానని చూడలేదు, ఆయన్నే చూస్తూ పెట్టుకుంటూ వచ్చింది. సుందర్ రాజ్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. సంతోషంతో గుండె నిండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ సంతోషం అడుగున ఏదో చిన్న పని చేతిలోంచి జారిపోయినట్టు కూడా అనిపించింది. అది ఆయన మొహంలో కనపడిందేమో, జ్ఞానమ్మ పై గుండీ దగ్గర ఆగింది. చేతులు దించి, గడ్డం పైకెత్తింది.

"ఇదొక్కటి మీరు పెట్టండి. మీకూ ఏదో ఒక పని ఉండాలిగా."

సుందర్ రాజ్ పెట్టాడు. ఆ ఒక్కదానికే చాలాసేపు పట్టింది. చలికి, అన్నాడు.